ఎంఏలో హిస్టరీనా, ఆర్కియాలజీనా? ఇంట్లో మాత్రం బీఈడీ అంటున్నారు

పాటిగడ్డ_పిల్ల:

అందరికీ నమస్తే. హన్మకొండలో బీఏ హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) ఈ ఏడే అయిపోయింది, రిజల్ట్స్ కూడా వచ్చాయి. ఇప్పుడు ఏం చేయాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

మాది రేగొండ వైపు ఊరు, పాండవుల గుట్ట మాకు దగ్గరే. చిన్నప్పుడు బడి నుంచి వనభోజనాలకు అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళు. గుహల్లో రాళ్ళ మీద జాజు రంగు బొమ్మలు చూపించి ఇవి పాండవులు అరణ్యవాసంలో ఉన్నప్పుడు గీసినవి అనేవాళ్ళు, నేను పదో తరగతి దాకా అదే నమ్మాను. ఇంకోటి, మా ఊరి చివర ఒక పాటిగడ్డ ఉంది, అంటే ఎప్పటిదో పాత ఊరు దిబ్బ. ఎండాకాలం వస్తే ఆ పాటిమన్ను ట్రాక్టర్లలో పొలాలకు తోలుకుంటారు, మంచి ఎరువు కదా, మా బాపు కూడా తోలించాడు. ఆ మన్నులో కుండ పెంకులు, అప్పుడప్పుడు పూసలు కూడా వస్తాయి. ఒకసారి లోపల నల్లగా, బయట ఎర్రగా ఉన్న పెంకు దొరికితే తెచ్చి పుస్తకాల అరలో పెట్టుకున్నాను, మా అమ్మ రెండుసార్లు పారేస్తే రెండుసార్లు తెచ్చుకున్నాను. డిగ్రీ సెకండియర్‌లో మా సార్ ఇనుప యుగం పాఠం చెప్తూ నలుపు ఎరుపు కుండలు అన్నప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. అంటే నా అరలో ఉన్నది అదేనా అని. అప్పటి నుంచి పట్టుకుంది ఈ పిచ్చి.

ఇప్పుడు సమస్య ఏంటంటే, ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు. మా మేనమామ అయితే "రాళ్ళూ రప్పలూ చదివితే అన్నం పెడతాయా" అన్నాడు. నాకు ఎంఏ చేయాలని ఉంది, కానీ ఇక్కడే కాకతీయ యూనివర్సిటీలో (కేయూ) హిస్టరీ చేయాలా, హైదరాబాద్‌లో ఉస్మానియాకు (ఓయూ) వెళ్ళి ఆర్కియాలజీ చేయాలా అర్థం కావడం లేదు. నాది ఒకటో తరగతి నుంచి తెలుగు మీడియం. సంస్కృతం రాదు. తవ్వకాల దగ్గర ఆడపిల్లలు పనిచేస్తారా, అసలు చదివాక ఉద్యోగం ఏం వస్తుంది, ఇవి కూడా చెప్పండి. చదివినవాళ్ళు చెప్తే నమ్ముతాను, యూట్యూబ్ వీడియోలు చూసి చూసి టెన్షన్ పెరగడం తప్ప ఏం కాలేదు.

కేయూ_పాత_బ్యాచ్:

చెల్లె, నేను కేయూలో ఎంఏ హిస్టరీ చేశాను, ఇప్పుడు జేఎల్‌కు, అంటే జూనియర్ లెక్చరర్ పోస్టుకు ప్రిపేరవుతున్నాను, కాబట్టి నాకు తెలిసింది ఆ వైపు నుంచే చెప్తాను.

రెండింటికీ ఎంట్రన్స్ సీపీగెట్టే (రాష్ట్రంలో పీజీ కామన్ ఎంట్రన్స్), అది రాసి ర్యాంకు తెచ్చుకుని వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు తేల్చుకోవచ్చు, ఇప్పటి నుంచే కొట్టుకోవాల్సిన పని లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కావాలంటే మాత్రం సీయూఈటీ పీజీ వేరుగా రాయాలి, దాని నోటిఫికేషన్ చాలా ముందే వచ్చి పోతుంది, మా ఫ్రెండ్ ఒకడు డిగ్రీ రిజల్ట్ వచ్చాక అప్లై చేద్దామని కూర్చుని ఏడాది పోగొట్టుకున్నాడు.

కేయూలో డిపార్ట్‌మెంట్ పేరే హిస్టరీ అండ్ టూరిజం మేనేజ్‌మెంట్. ఎంఏ హిస్టరీ అంటే ప్రాచీన భారతం నుంచి మొదలుపెట్టి మధ్యయుగం, ఆధునికం, ప్రపంచ చరిత్ర, తెలంగాణ చరిత్ర, చరిత్ర రచనా పద్ధతి, ఇలా అన్నీ ఉంటాయి. గ్రూప్స్ రాసేవాళ్ళకు, జేఎల్ రాసేవాళ్ళకు ఇది బాగా కలిసొస్తుంది. కానీ నీ పోస్టు చూస్తే నీకు కావాల్సింది మన్నులో ఉంది. అలాంటప్పుడు ఓయూలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం అని వేరే డిపార్ట్‌మెంటే ఉంది, పొడుగు పేరు కాబట్టి అందరూ ఏఐహెచ్‌సీఏ అంటారు. శాసనాలు, నాణేలు, గుళ్ళ వాస్తు, పూర్వచరిత్ర, మ్యూజియాలు, ఇవన్నీ మాకు ఒక్కో చాప్టర్, వాళ్ళకు అదే చదువు.

ఇక వరంగల్‌లో ఉండి చదవడం సంగతి. తప్పు నాదే, రెండేళ్ళు హాస్టల్‌లో ఉండి కోటకు పోయింది నాలుగైదు సార్లు, అది కూడా ఫొటోలకు. సీనియర్ల నోట్స్ జిరాక్స్ తీసుకుని పాసయ్యాను. నీ ఊరికి ఒక పక్క గణపురం కోటగుళ్ళు, ఇంకో పక్క రామప్ప, చదివే ఊళ్ళో వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, పద్మాక్షి గుట్ట మీద జైన బసది. ఢిల్లీలో హిస్టరీ చదివేవాళ్ళు బొమ్మల్లో చూసేవి మనకు సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. నాలాగా చేయకు.

తెలుగు మీడియం గురించి భయపడకు, కానీ తేలిగ్గా కూడా తీసుకోకు. లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. అలాంటిదే మన రాష్ట్రం పెట్టే సెట్‌లో హిస్టరీకి తెలుగు కూడా ఉంటుంది. నెట్‌లో హిస్టరీ కోడ్ 06, ఆర్కియాలజీ కోడ్ 67, రెండూ వేరు వేరు సబ్జెక్టులు. నెట్‌లోనే ఇంకా ఎక్కువ మార్కులతో జేఆర్‌ఎఫ్ కొడితే రీసెర్చ్‌కు నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుంది, అప్పుడు మీ మేనమామ కూడా మాట్లాడడు. నేను రెండుసార్లు రాశాను, నెట్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ రాలేదు.

సర్కారు_బడి_సారు:

అమ్మా, అందరూ నీ ఉత్సాహానికి చప్పట్లు కొడతారు, నేను చెడ్డవాణ్ణి అవుతాను, పర్వాలేదు. మీ బాపు చెప్పింది తప్పేం కాదు. నేను సోషల్ స్కూల్ అసిస్టెంట్‌ను. నా క్లాస్‌మేట్స్‌లో ఇద్దరు ఎంఏ చేసి, ఎంఫిల్ చేసి, పీహెచ్‌డీ కూడా చేసి, ఇప్పటికీ ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తున్నారు. తెలివిలో నాకంటే పైనోళ్ళే ఇద్దరూ. పోస్టు పడేదాకా వయసు ఆగదు.

రెండేళ్ళు బీఈడీ చేస్తే టెట్, డీఎస్సీ ఒక దారి. దానికి ఎంఏ కూడా తోడైతే గురుకులాల్లో పీజీటీ (పీజీ టీచర్ పోస్టు) ఇంకో దారి. ముందు బీఈడీ చేసి తర్వాత ఎంఏ చేయొచ్చు, ముందు ఎంఏ చేసి తర్వాత బీఈడీ కూడా చేయొచ్చు, కానీ రెండూ లేకుండా నాలుగేళ్ళు పోగొట్టుకోవద్దు. ఇంకో మాట, చాలామంది చూసుకోరు: జేఎల్ హిస్టరీ పోస్టుకు ఏయే పీజీలు చెల్లుతాయో పాత నోటిఫికేషన్ తీసి ఒక్కో అక్షరం చదువు. ఆర్కియాలజీ పేరుతో పీజీ చేసి తీరా సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాడు సబ్జెక్టు పేరు దగ్గర నిలబడితే ఎవరూ రారు.

రాళ్ళు అన్నం పెట్టవని మీ మామ అన్నాడు కదా, వెటకారమే అయినా అందులో లెక్క ఉంది.

ట్రెంచ్_అక్క:

పై సార్ చెప్పిన నోటిఫికేషన్ మాట వంద శాతం నిజం, అది ముందు చేయి. మిగతాది నేను చెప్తాను.

నాది పెద్దపల్లి. హైదరాబాద్‌లో ఆర్కియాలజీ ఎంఏ చేశాను, మూడు సీజన్లు తవ్వకాల్లో పనిచేశాను. ఏ సైటో, ఎవరి కిందో చెప్పను, ఎందుకంటే కింద కొంచెం తిట్టేది ఉంది.

తవ్వకం అంటే బ్రష్షుతో విగ్రహం మీద దుమ్ము దులపడం అనుకుని వస్తారు పిల్లలు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు దిగాలి. పది మీటర్ల చదరం గుంట, చుట్టూ మేకులు, దారం. గుంటకూ గుంటకూ మధ్య తవ్వకుండా ఒక గట్టు వదులుతాం, దాన్ని బాక్ అంటాం. ఆ గట్టు పక్క గోడలో మట్టి రంగు ఎక్కడ మారింది, ఎక్కడ బూడిద పట్టీ ఉంది, ఎక్కడ నేల అలికినట్టు గట్టిపడింది, అది చూస్తూ పొరలు గీసుకోవాలి. పై పొర కొత్తది, కింది పొర పాతది, ఇంతే కదా అనిపిస్తుంది. కానీ ఎప్పుడో ఒక రైతు అక్కడ వడ్లు దాచుకోవడానికి పాతర తవ్వి ఉంటాడు. ఆ పాతర కింది పొరలన్నీ కోసుకుంటూ పోతుంది, తర్వాత ఎప్పుడో చెత్తతో పూడిపోతుంది. అప్పుడు కొత్త కాలం పెంకు పాత పొర లోతులో దొరుకుతుంది. లోతు చూసి కాలం చెప్పేవాళ్ళు అక్కడే బోల్తా పడతారు. నేను మొదటి సీజన్‌లోనే పడ్డాను. పాతర మట్టి కొంచెం వదులుగా, కొంచెం నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో ఆ తేడా కనపడలేదు, రెండు రోజుల పెంకులు మొత్తం పొర పెంకుల్లో కలిపేశాను. మూడో రోజు పొద్దున నీళ్ళు చల్లితే గోడలో పాతర గుండ్రంగా తేలింది. ఆ సంచులన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది, నోట్‌బుక్‌లో నా చేత్తోనే ఆ సంగతి రాయించారు. రాత్రి అన్నం సయించలేదు.

ఇక పెంకులు. మన జీవితం అంతా పెంకులే. సంచులకు సంచులు వస్తాయి, కడగాలి, నీడన ఆరబెట్టాలి, ఒక్కో పెంకు మీద నల్ల సిరాతో సైటు గుర్తు, గుంట నంబరు, పొర నంబరు రాయాలి. నాలుగు వేల పెంకుల మీద రాశాక కూడా ఐదో వేయి మీద రాయబుద్ధి అయితే నీకు ఈ చదువు సరిపోతుంది. మూతి అంచు ముక్క దొరికిందంటే పండగే, ఆ వంపును బట్టి కుండ మూతి ఎంత వెడల్పు, కుండ ఏ ఆకారం అనేది గీయొచ్చు. మా దగ్గర పనికి వచ్చిన ఒక కుమ్మరి ముసలాయన పెంకును వేలితో కొట్టి, చప్పుడు విని ఎంత కాలిందో చెప్పేవాడు. మేం పుస్తకంలో నాలుగు పేజీలు చదివి చెప్పేది ఆయన ఒక్క దెబ్బతో చెప్పేవాడు. నీ దగ్గర ఉన్న పెంకు కూడా అలాంటిదే: కుండను బోర్లించి కాలిస్తే లోపలి భాగానికి, మూతికి గాలి అందక నల్లబడుతుంది, బయట గాలి తగిలిన చోట ఎర్రగా కాలుతుంది. అయితే నలుపు ఎరుపు అనగానే రాకాసిగుళ్ళ (ఇనుప యుగం నాటి పెద్ద రాళ్ళ సమాధులు) కాలమే అని రాసేయకు, శాతవాహనుల కాలం దాకా ఆ కుండలు వాడారు. ఒక్క పెంకు కాలం చెప్పదు, దానితోపాటు ఇంకేం దొరికాయో అవన్నీ కలిపి చెప్తాయి.

అందుకే ఇప్పుడే ఒక పని చెయ్యి. ఆ పెంకు ఎక్కడ దొరికింది, ఏ తేదీ, పాటిగడ్డకు ఏ దిక్కున, ఎంత లోతు మన్ను తీసినప్పుడు, గుర్తున్నంత వరకు ఒక చీటీ మీద రాసి దానితోపాటు పెట్టు. ఊరు పేరు పోయిన పెంకు వట్టి పెంకే. మీ బాపుకు మన్ను తోలొద్దని చెప్తే వినడు, ఊరంతా తోలుతుంటే ఆయన ఒక్కడు ఆగి ఏం చేస్తాడు. కానీ ట్రాక్టర్ వచ్చే ముందు ఆ గట్టు ఫొటోలు తీసి పెట్టు, కోసిన గోడలో పొరలు కనపడతాయి, పక్కన ఒక స్కేలు పెట్టి తియ్యి. నువ్వు మాత్రం పారతో తవ్వకు, లైసెన్సు లేకుండా తవ్వకూడదు. నాణేలో, బంగారమో బయటపడితే కలెక్టర్‌కు తెలియజేయాలి, 1878 నాటి చట్టం ఒకటి ఉంది, విలువ పది రూపాయలు దాటితే చాలు వర్తిస్తుంది. ఆ పది రూపాయలు ఆ కాలం లెక్క, ఇప్పటికీ అలాగే ఉంది.

ఆడపిల్లల సంగతి అడిగావు. గుంటలో మట్టి తట్టలు మోసేవాళ్ళలో సగానికి పైగా ఊళ్ళోని ఆడవాళ్ళే ఉంటారు, కాబట్టి ఆడవాళ్ళు పనిచేస్తారా అనే ప్రశ్నే లేదు, నోట్‌బుక్ పట్టుకునే వైపు తక్కువమంది ఉంటారు, అంతే. నా క్యాంపులో ఇద్దరమే. బాత్రూం ఎక్కడ, రాత్రి ఎక్కడ పడుకుంటాం, బండి ఎవరు నడుపుతారు, ఈ మూడూ వెళ్ళకముందే ఫోన్ చేసి అడుగు. నేను మొహమాటపడి అడగలేదు, మొదటి సీజన్ నీళ్ళు తాగడం తగ్గించుకుని జబ్బు తెచ్చుకున్నాను. కాంట్రాక్టు జీతం మూడు నెలలు ఆలస్యం. అంతకంటే మండేది ఏంటంటే, ఆ సైటు రిపోర్టు ఇప్పటికీ రాలేదు, నేను రాసిన నోట్‌బుక్ ఏదో బీరువాలో ఉంది. తవ్వడం అంటే చెరిపేయడమే కదా, ఒకసారి తవ్విన పొర మళ్ళీ రాదు, రాసింది బయటికి రాకపోతే ఆ చోటును మేమే పాడు చేసినట్టు.

అయినా మళ్ళీ పిలిస్తే వెళ్తాను. పెద్దపల్లి పిల్లగా పుట్టి వెళ్ళకపోతే ఎలా, మా చుట్టూ ధూళికట్ట, పెద్దబంకూరు, కాస్త అటు పోతే గోదావరి ఒడ్డున కోటిలింగాల. కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు చిముకుడి పేరున్న నాణేలు దొరికాకే శాతవాహనుల మొదటి రోజుల గురించి మాట్లాడేటప్పుడు తెలంగాణ పేరు తప్పనిసరి అయింది. ధూళికట్టలో బౌద్ధ స్తూపం, దాని మీద ముచిలింద నాగుడి పలకలు. మా అమ్మమ్మ ఊళ్ళో వాళ్ళకు అది ఉత్త దిబ్బ, మేకలు మేపేవాళ్ళు.

దారులు చెప్తాను. ఎంఏ తర్వాత ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ గ్రేటర్ నోయిడాలో ఉంది, రెండేళ్ళ పీజీ డిప్లొమా, సీట్లు చాలా తక్కువ, వయసు పరిమితి ఉంది, స్టైపెండ్ ఇస్తారు. పుణేలో డెక్కన్ కాలేజీ ఉంది, కుండలూ ఎముకలూ గింజలూ పట్టుకుని కూర్చునేవాళ్ళకు అది పుట్టిల్లు లాంటిది, కానీ రాష్ట్రం దాటితే ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క మారుతుంది, ముందే కనుక్కో. ఏఎస్‌ఐలో ఆఫీసర్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా వస్తాయి, ఏటా రావు. రాష్ట్రంలో హెరిటేజ్ శాఖ ఉంది, చిన్న శాఖ. ఇవి తప్ప మ్యూజియాలు, గుళ్ళ పునరుద్ధరణ పనులు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006లో విప్పదీస్తే మళ్ళీ నిలబెట్టి తెరిచింది 2024లో, అంతకాలం ఎవరో ఒకరు ఆ రాళ్ళ నంబర్లు రాసుకుంటూ ఉన్నారు కదా, అలాంటి పని.

నీకు నా సలహా ఒక్కటే: కోర్సు పేరు కంటే చేతిలో ఒక పని ఉండాలి. శాసనం చదవడమో, కుండ గీయడమో, సర్వే మ్యాపులు వేయడమో. ఎంఏ పట్టా అందరికీ ఉంటుంది, శాసనం ఫొటో పంపిస్తే చదివి పెట్టేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు.

పాటిగడ్డ_పిల్ల:

అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. చీటీ రాసి పెట్టాను. నాలుగేళ్ళ కింద దొరికింది, తేదీ గుర్తు లేదు, కానీ మా చిన్నాన్న పెళ్ళి వారమే కాబట్టి పెళ్ళి పత్రిక చూసి నెల రాశాను.

సార్, మీ మాట కూడా బాపుకు చదివి వినిపించాను, ఆయనకు బాగా నచ్చింది.

శాసనం చదవడం అన్నారు కదా, దానికి సంస్కృతం రావాలి కదా? మా ఊరి శివాలయం ముందు ఒక రాయి ఉంది, సగం భూమిలో ఉంది, ఏటా జాతరకు సున్నం వేస్తారు. ఎన్నిసార్లు చూసినా ఒక్క అక్షరం అర్థం కాలేదు. తెలుగులాగే ఉంటుంది, తెలుగు కాదు.

శాసనాల_తాత:

బిడ్డా, నేను యూనివర్సిటీ మెట్లు ఎక్కినవాణ్ణి కాదు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అరిగిపోయిన చేతిరాతల్లో అడ్రసులు చదివీ చదివీ అలవాటైన కళ్ళు, రిటైరయ్యాక శాసనాల మీద పడ్డాయి. అందుకని చనువుగా చెప్తున్నాను.

అది తెలుగే. కాకతీయుల కాలం లిపి ఇప్పటి తెలుగుకూ కన్నడకూ రెండింటికీ తాత లాంటిది. వర్ణమాల పట్టిక ఒకటి ముందు పెట్టుకుని రోజూ అరగంట కూర్చుంటే మూడు నెలల్లో సగం పడతాయి. నేను మొదటి నెలంతా ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం అనుకుని చదివాను. శాసనం మొత్తం సంస్కృతంలో ఉంటుందనుకోకు. రాజును పొగిడే శ్లోకాలు సంస్కృతంలో ఉంటాయి, ఎవరికి ఎంత భూమి ఇచ్చారు, చెరువు కింద ఎన్ని మర్తురులు (ఆనాటి భూమి కొలత), హద్దులు ఎక్కడ, ఈ లెక్కల భాగం చాలా చోట్ల తెలుగులో ఉంటుంది. మనవాళ్ళు దేవుడితో సంస్కృతంలో, కరణంతో తెలుగులో మాట్లాడారన్నమాట. సంస్కృతం నేర్చుకుంటే మంచిదే, రాదని ఆగిపోవద్దు. తెలుగు మీడియం అని భయపడుతున్నావు, నన్నయకు దాదాపు వందేళ్ళ ముందు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద జినవల్లభుడు తెలుగులో కంద పద్యాలు చెక్కించాడు, అదే రాతి మీద సంస్కృతం, కన్నడం కూడా ఉన్నాయి. ఈ నేల మీద తెలుగు చదువు నీకు బరువు కాదు, పెట్టుబడి.

ఇంకోటి, శాసనంలో ఉన్నదీ మనం అనుకునేదీ వేరు చేయడం నేర్చుకో. రామప్ప గుడి అంటే రామప్ప అనే శిల్పి కట్టాడని అందరం చెప్తాం. అక్కడి 1213 నాటి శాసనం చెప్పేది రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి నిలిపాడని, శిల్పి పేరు అందులో లేదు. అంటే రామప్ప లేడని కాదు, శాసనం చెప్పలేదని మాత్రమే. అలాగే రుద్రమదేవి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికింది, రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం దానం చేస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే అతను వేయించింది. ఇద్దరూ ఒకేసారి పోయారు కాబట్టి యుద్ధంలోనే అయి ఉంటుందని, ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడి చేతిలో అని చరిత్రకారులు ఊహించారు. మంచి ఊహే. కానీ యుద్ధం అనే మాట ఆ రాతి మీద లేదు. ప్రతాపరుద్రుడు 1323లో పట్టుబడ్డాక నర్మద ఒడ్డున పోయాడనేది విలస తామ్రశాసనం వల్ల తెలిసింది, ఆ శాసనం వేయించిన ప్రోలయ నాయకుడు ఆ తర్వాతి వాడు. ఎవరు చెప్తున్నారు, ఎప్పుడు చెప్తున్నారు, ఎందుకు చెప్తున్నారు, ఈ మూడూ అడగకుండా దేన్నీ రాసుకోవద్దు.

మీ ఊరి రాయి గురించి: సున్నాన్ని ఉలితోనో వైరు బ్రష్షుతోనో గీకొద్దు, యాసిడ్ అసలే వద్దు. ఊళ్ళో చెప్పి ఈసారి జాతరకు ఆ రాయిని వదిలేయమను, చాలు. నకలు తీయాలంటే రాయి తడిపి, దాని మీద కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు, గుంటలు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. తెలిసినవాళ్ళు లేకుండా చేయకు. మామూలు ఫొటోకు అయితే రాత్రి వెళ్ళి టార్చిలైటు పక్క నుంచి వాలుగా వేయి, అక్షరాలు లేచి నిలబడతాయి.

చదవడం వచ్చిందో లేదో చూసుకోవడానికి నీకో లెక్క ఇస్తాను. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని మీకు చెప్పే ఉంటారు. రామప్ప శాసనం శక 1135, కలిపితే 1213, సరిపోయింది. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి శాసనం శక 1084. కలిపితే 1162. మరి అన్ని పుస్తకాల్లో, బోర్డుల మీద 1163 అని ఎందుకు ఉంది? ఎవరినీ అడక్కుండా కనుక్కుని చెప్పు.

సర్కారు_బడి_సారు:

తాతగారూ, మా పిల్లలకు 1163 అని ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను, ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. నేనూ చూస్తాను, ఆ అమ్మాయి కంటే ముందు చెప్తే ఊరుకుంటారా?

కేయూ_పాత_బ్యాచ్:

సార్, మీరు పక్కకు జరగండి, ఇది చెల్లె పరీక్ష.

పాటిగడ్డ_పిల్ల:

రెండు రోజులు పట్టింది. మొదట అచ్చుతప్పు అనుకున్నాను, తర్వాత గుడికే వెళ్ళి ఆవరణలో ఉన్న శాసన స్తంభం ముందు కూర్చున్నాను. మూడు అక్షరాలు మాత్రం నాకు నేనుగా చదివాను, మిగతాది అచ్చులో ఉన్న పాఠం పక్కన పెట్టుకుని పోల్చుకున్నాను. చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి అని ఉంది. మాఘమాసం అంటే మనకు ఉగాదికి ముందు, అంటే ఇంగ్లీషు లెక్కలో జనవరి, ఫిబ్రవరి. శక సంవత్సరం ఉగాదికి మారుతుంది, ఇంగ్లీషుది జనవరికే మారిపోయి ఉంటుంది. కాబట్టి ఏడాది చివర వచ్చే నెలలకు 78 కాదు, 79 కలపాలి. 1163 జనవరి. కరెక్టేనా?

ఇంకో సంగతి. బాపు నాతో పాటే వచ్చాడు, బండి మీద దింపడానికి. నేను అక్కడ కూర్చుంటే పక్కన నిలబడి చాలాసేపు చూశాడు, "ఇది చదివితే ఏమొస్తది" అనలేదు, "ఇంతకీ ఎవరి భూమి ఎవరికి ఇచ్చిండు" అని అడిగాడు. సీపీగెట్ ఫీజు కట్టాడు. అయితే ఎంఏ అవగానే బీఈడీ అని నాతో మాట తీసుకున్నాడు, ఓయూనా కేయూనా అనేది ర్యాంకు వచ్చాక చూద్దాం అన్నాడు. హైదరాబాద్ హాస్టల్ అంటే అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

ఒక్క మాట మాత్రం అర్థం కాలేదు. త్రయోదశి తర్వాత వడ్డవారము అని ఉంది. వడ్డవారం ఏ వారం తాతా?

ట్రెంచ్_అక్క:

అమ్మకు నా నంబర్ ఇస్తాను, మెసేజ్ పెట్టు. హాస్టల్ సంగతి నేను మాట్లాడతాను.

శాసనాల_తాత:

కరెక్టే బిడ్డా, 1163 జనవరి 19. వడ్డవారం అంటే శనివారం, శాసనాల్లో అలాగే రాసేవాళ్ళు. రేపు కూడా వడ్డవారమే. పొద్దున గుడి తెరవగానే వెళ్ళు, ఎండ వాలుగా పడేటప్పుడు ఇంకో నాలుగు అక్షరాలు దొరుకుతాయి.